నాయుడుబాబు గడ్డం, మా మూడు సెలూన్లు

కత్తి చేతిలో ఉండగా నేను ఎవరికీ కీడు చేయలేదు. ఇన్నేళ్ల వృత్తిలో ఒక్క చెవి తెగలేదు, ఒక్క పిలక పొరపాటున పోలేదు. నేను చేసిన ఘాతుకమంతా నోటితోనే చేశాను. అరవయ్యేడు ఎండాకాలంలో ఒక పెద్దమనిషి గడ్డాన్ని ముట్టుకోకుండా, కేవలం చూసి, రెండు కుటుంబాల పరువు తీసుకెళ్లి నడివీధిలో కుప్ప పోశాను. అదీ మేళతాళాలతో. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. నాకు మాత్రం ఆ వీధిలో నడవాల్సి వస్తే ఇప్పటికీ తల దానంతటదే కిందికి దిగిపోతుంది.

ముందు మా కంపెనీ సంగతి చెప్పాలి. కంపెనీ అన్నది పెద్ద మాటే అనుకోండి, కానీ మూడు ఊళ్లలో మూడు దుకాణాలున్నవాణ్ణి మీరైతే ఏమంటారు? మా తాత చంకలో పొది పెట్టుకుని ఊరూరా తిరిగేవాడు. పొదంటే కత్తులూ కత్తెరలూ పెట్టుకునే తోలుసంచి. అరుగు మీద కూర్చోబెట్టి గడ్డం గీసేవాడు, కోతలయ్యాక ఇంటికిన్ని కుంచాలని ధాన్యం తెచ్చుకునేవాడు. మా నాన్న ఆ పొదిని కుర్చీ ఎక్కించాడు. ఆమదాలవలసలో స్టేషనుకు పోయే దారిలో ఒక గది తీసుకుని, రెండు అద్దాలు బిగించి, తిరుగుడు కుర్చీ ఒకటి తెప్పించి, 'శ్రీ కోదండరామ హెయిర్ కటింగ్ సెలూన్' అని బోర్డు కట్టాడు. రైలు దిగినవాడు ఎంత పనిమీద వచ్చినా ముందు గడ్డం తడుముకుంటాడని ఆయన సిద్ధాంతం. అది నిజమే. పెళ్లిచూపులకు వచ్చినవాడూ, ధాన్యం బేరానికి వచ్చినవాడూ ముందు మా కుర్చీలోనే కూర్చునేవారు.

ఆ కుర్చీ పిల్లలు పెట్టింది. నెల్లిమర్లలో నార మిల్లు గేటుకు ఎదురుగా మా చిన్నాన్న రెండో దుకాణం తెరిచాడు. షిఫ్టు దిగిన కూలీల తలల్లో గోగునార పీచు చిక్కుకుని వారానికో దువ్వెన విరిగేది. బొబ్బిలి బజారులో మా మేనత్త మొగుడు గురువులు మావ మూడోది పెట్టాడు. మూడింటికీ ఒకటే పేరు, ఒకటే నీలిరంగు తలుపులు, ఒకటే వాసన పౌడరు.

మూడింటికీ మంగళవారం సెలవు. ఆ రోజు చిన్నాన్నా మావా పాసింజరెక్కి మా ఇంటికి వచ్చేసేవారు. కత్తులు నూరుకోవడానికి మా నాన్న దగ్గరున్న మంచి సానరాయి, వారానికి సరిపడా సబ్బూ పటికా పౌడరూ పైకి చెప్పుకునే కారణాలు. అసలు సరుకు కబుర్లు. బుధవారం పొద్దున్నకల్లా ఆమదాలవలస సంగతి బొబ్బిలిలో, బొబ్బిలి సంగతి నెల్లిమర్లలో దిగిపోయేది. తపాలా వాళ్లకు స్టాంపులైనా కావాలి, మాకు అవీ అక్కర్లేదు.

మా నాన్న ఒక్కడే ఈ వ్యాపారానికి వ్యతిరేకి. "కుర్సీలో ఇన్న మాట కోసిన ఎంట్రుకల్తోపాటే ఊడ్సీయాల. గడప దాటకూడదు," అనేవాడు. మేం ముగ్గురం తల ఊపేవాళ్లం. తల ఊపడంలో మాకు ఎవరూ సాటిలేరు.

ఇక అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పేరు సూరి. తిరుగుడు కుర్చీ కొత్తగా నా వశమైంది. ఒంటికి పట్టనంత గర్వం. ఆ గర్వంలో మరీ ముదిరిన భాగం ఒకటుంది. మా వైపు ఇల్లాలు కడుపుతో ఉంటే మొగుడు క్షవరం చేయించుకోడు. కాన్పయ్యేదాకా గడ్డం, జుట్టు అలా పెరగాల్సిందే. అందుచేత ఏ ఇంట్లో శుభవార్త ఉందో అత్తగారి కన్నా ముందు మంగలికి తెలుస్తుంది. ఆ ఏడాది నాలుగు గడ్డాలు చూసి నాలుగు కాన్పులు చెప్పాను. నాలుగూ నిజమయ్యాయి. నాకిక మంత్రసానులంటే చిన్నచూపు ఏర్పడింది.

ఐదోది అప్పలనాయుడుగారి గడ్డం.

నాయుడుగారు మా ఊళ్లో పొలాలున్నవాడు, ధాన్యం వ్యాపారం చేసేవాడు. మా నాన్న దుకాణం తెరిచిన మొదటి రోజు మొదటి గడ్డం ఆయనదే. ఆదివారం, బుధవారం తప్పకుండా వచ్చి గీయించుకునేవాడు. ఆయనకు పెళ్లై ఏడేళ్లు, పిల్లల్లేరు. భార్య పార్వతమ్మగారిది బొబ్బిలి. ఆవిడ ఎదురుపడితే ఊళ్లో ఆడవాళ్లు ఏమీ అడిగేవారు కాదు, కానీ చూపు ఒక్కసారి ఆవిడ పొట్ట మీదికి పోయి వచ్చేది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను, అదీ నా సిగ్గు.

ఆ వైశాఖంలో నాయుడుగారు గడ్డం ఆపేశాడు. దుకాణానికి రావడం మాత్రం మానలేదు. వచ్చి బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటాడు, వెళ్లిపోతాడు. మూడో వారం నేను ఉండబట్టలేక కుర్చీ దులిపాను.

"రండి బాబూ. గడ్డం బాగా మాసిపోనాది."

"ఇప్పుడొద్దులేరా సూరీ."

"ఒంట్లో బాగోలేదేటి బాబూ?"

"ఒంటికేటి, గుండులాగున్నాది. టైమొచ్చినప్పుడు అదే దిగుతాదిలే," అని నవ్వాడు.

ఆ నవ్వే నా కొంప ముంచింది. అంత సిగ్గుపడుతూ నవ్వినవాణ్ణి నేను అంతకుముందు నలుగురిని చూశాను మరి.

మంగళవారం వచ్చింది. మా నాన్న లోపల సబ్బులు సర్దుతున్నాడు. వసారాలో నేనూ, చిన్నాన్నా, గురువులు మావా సానరాయి చుట్టూ చేరాం.

"మావా, ఒక సంగతి. ఎవులికీ సెప్పకూడదు."

"నానెవులికి సెప్తాను? సెప్పు."

"నాయుడుబాబు గడ్డం పెంచతన్నాడు."

చిన్నాన్న చేతిలో కత్తి ఆగిపోయింది. "ఏడేళ్లకా? ఎన్ని దినాలైనాది?"

"ఇరవై."

"జొరమొచ్చినా పెరుగుతాదిరా గడ్డం."

"జొరమొచ్చినోడు నవ్వుతాడేటి? పైగా నిన్న సంతలో బుట్టెడు పుల్ల మామిడికాయలు కొన్నాడు. నా కళ్లతో సూసినాను."

"బుట్టెడే?" అన్నాడు మావ.

"నిండు బుట్ట."

"అయితే ఇంకేటి, ఖాయం!"

మీకు వెంటనే తట్టి ఉంటుంది. ఎండాకాలంలో బుట్టెడు మామిడికాయలు కొన్నవాడి ఇంట్లో ఊరగాయ పెడతారు. మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. ఆ క్షణాన మా అమ్మ మా పక్కనే జాడీలు కడిగి ఎండబెడుతోంది. అయినా తట్టలేదు.

"ఏటి గుసగుసలు?" అంటూ నాన్న బయటికి వచ్చాడు.

"ఏటీ లేదు బావా. పటిక నాసిరకంగా వస్తన్నాదని," అన్నాడు మావ.

బుధవారం పొద్దున్న బొబ్బిలిలో మావ కుర్చీలో కూర్చున్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ పార్వతమ్మగారి తండ్రి పోలినాయుడుగారు. ఒక చెంప పూర్తయింది. మావ పొట్ట ఉబ్బిపోతోంది.

"తాతగారూ, రెండో సెంప ఇటు తిప్పండి."

"తాతెవుడ్రా? నెరిసినంతమాత్రాన తాతనేటి?"

"మీకింకా తెల్దేటి బాబూ? మీ అల్లుడుగారు గడ్డం పెంచతన్నారంట. ఆమదాలవలస కబురు, తప్పుపోదు."

పోలినాయుడుగారు సబ్బు నురగతోనే లేచాడట. మెడకు చుట్టిన గుడ్డ తీయకుండా, ఒక చెంప నున్నగా ఒక చెంప తెల్లగా బజారంతా పరుగెత్తి ఇంటికి పోయాడట. దారిలో కనబడినవాడికల్లా చెప్పాడట. ఆ రెండో చెంప మర్నాటికి గానీ పూర్తి కాలేదు.

శుక్రవారం పాసింజరు దిగింది చూడండి, పన్నెండు మంది బంధువులు. బుట్టల నిండా చలిమిడి, అరిసెలు. గాజులు, పసుపుకుంకుమలు, పట్టుచీర. సరాసరి మా దుకాణం ముందు ఆగారు. క్షవరంతోపాటు సన్నాయి, డోలు కూడా మా మంగళ్ల ఇంటి విద్యలే కదా. మా నాన్న అసలు మేళంతో పక్క ఊళ్లో పెళ్లికి వెళ్లాడు. ఆయనుంటే ఇదంతా అక్కడితో ఆగేది. పోలినాయుడుగారు నన్ను కావలించుకున్నాడు.

"ఒరే సూరీ! ఈ శుభం ముందు నీ నోటంట వచ్చినాదంట. సన్నాయి నువ్వే పట్టాల!"

వద్దనాలని నాకు అనిపించిందా? లేదు. తలపాగా బాగా కుదిరిందో లేదో అద్దంలో చూసుకున్నాను.

ఇద్దరు మావాళ్లు డోళ్లు కట్టుకున్నారు. ముందు నేను. స్టేషను దారి, బజారు, ధాన్యం కొట్లు అన్నీ తిరుగుతూ ఊదాను. నా సన్నాయి అంతంతమాత్రమే, అయినా ఆ రోజు ఊదినంత జోరుగా ఎప్పుడూ ఊదలేదు. "ఏటి సంగతి?" అని అడిగినవాళ్లు మా వెనకే నడిచారు. నాయుడుగారి ఇల్లు చేరేసరికి వెనక అరవై మంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంటారు. ఇక్కడ ఆలు ఉంది, చూలు లేదు, సారె మాత్రం ఊరేగింపుగా వచ్చేసింది.

తలుపు తీసింది పార్వతమ్మగారు. చేతులకు ఆవపిండి, కారం. లోపల పీట మీద మామిడి ముక్కలు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆవిడ ఏదో అడగబోయేలోపే తల్లి ఆ చేతులు పట్టుకుని, పైటచెంగుతో తుడిచి, గాజులు తొడగడం మొదలుపెట్టింది. కుడిచేతికి డజను, ఎడమచేతికి డజను. ఆఖరి గాజు ఎక్కాక ముద్దు పెట్టుకుని, "ఎన్నో నెలే తల్లీ? మాకొక్క ముక్క రాయకపోనావా?" అంది.

"ఎన్నో నెలేటమ్మా? ఎవులికి?"

డోళ్లు ఆగిపోయాయి. నేను ఆగలేదు. కళ్లు మూసుకుని మంచి ఊపులో ఉన్నాను. ఆ నిశ్శబ్దంలో నా సన్నాయి ఒక్కటే ఇంటి ముందు గింగిర్లు తిరుగుతోంది. జనం నా పాట మెచ్చి మౌనంగా వింటున్నారనుకుని ఇంకొంచెం సాగదీశాను కూడా. ఎవరో భుజం పట్టి కుదిపితే కళ్లు తెరిచాను.

లోపల్నుంచి నాయుడుగారు వచ్చాడు. జనాన్ని చూశాడు, బుట్టల్ని చూశాడు, భార్య చేతుల్ని చూశాడు. ఆయన గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"మావయ్యా, ఇది మొక్కు గడ్డం. బిడ్డ కలగాలని సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాం. ఏడాది కత్తి ముట్టకుండా ఉండి, కొండ మీద తలనీలాలిచ్చుకుంటానని. నలుగురి నోళ్లలో పడొద్దని ఎవులికీ సెప్పనేదు."

బిడ్డ ఉందనడానికి గుర్తని నేను ఊరంతా ఊదిన గడ్డం, బిడ్డ లేదని వాళ్లిద్దరూ కుమిలి పెంచుకున్న గడ్డం.

"మరి నాతో గురువులు సెప్పినాడే!" అన్నాడు పోలినాయుడుగారు.

"గురువులుకెవులు సెప్పినారు?" అన్నాడు అల్లుడు.

పన్నెండు మంది బంధువులూ ఒక్కసారే నా వైపు తిరిగారు.

"నీకెవులు సెప్పినార్రా సూరీ?" అన్నాడు నాయుడుగారు.

"ఎవులూ... ఎవులూ సెప్పనేదు బాబూ. గడ్డం..."

"గడ్డం సెప్పినాదేటి నీకు?"

"మామిడికాయలు కూడా బాబూ..."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు అరవై మందికీ పాకింది. అది నా మీద నవ్వే, నాకు తగిన నవ్వే. కానీ గడపలో నిలబడ్డది పార్వతమ్మగారు. ఆవిడ ఒక్కొక్క గాజూ తీయబోయింది. చేతికి బిగుతుగా ఎక్కినవి దిగలేదు. "ఉంచుకోయే, ఉంచుకో," అని తల్లి ఏడుస్తోంది. పార్వతమ్మగారు రెండు చేతులూ చెంగులో చుట్టేసుకుని లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు గానీ నవ్వు ఆగలేదు. నేను సన్నాయిని చొక్కాలో దాచుకుని గోడల పక్కనుంచి ఇంటికి పోయాను.

మా నాన్నకు ఈ కథ రైల్లోనే తెలిసింది, మా బంధువే ఒకడు చెప్పాడట. ఆయన దుకాణానికి వచ్చి నా చేతిలో కత్తి తీసుకుని మడిచాడు.

"మా అయ్య ఇరవై ఊళ్లు తిరిగినాడు. ఏ ఇంట్లో ఏటుందో ఆడికన్నీ తెలుసు. ఒక్క ఇంట్లో తలుపేసుకోనేదు ఆడ్ని సూసి. నువ్వేటి సేసినావురా?"

నేను మాట్లాడలేదు. అలవాటు లేని పని కావడం వల్ల చాలా కష్టమైంది.

"ఎల్లు. ఆయమ్మ కాళ్లట్టుకో. తర్వాతే కత్తి."

మూడు రోజులు వాళ్ల దడి వరకూ వెళ్లి తిరిగొచ్చాను. నాలుగో రోజు పార్వతమ్మగారే పెరట్లోంచి పిలిచింది. జాడీల మూతులకు గుడ్డలు కడుతోంది. చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. నేను నేలకు వంగాను.

"లేరా. నిన్ను తిట్టాలని నాలుగు దినాల్నుంచి మాటలు ఎతుకుతన్నాను, దొరకతన్నాయి కాదు," అంది. కాసేపు గుడ్డ ముడి బిగించింది. "అమ్మ గాజులేస్తంటే ఎందుకేస్తన్నాదో నాకు తెలిసిపోనాది సూరీ. అబద్దమని నాకొక్కదానికే తెలుసు. అయినా సెయ్యి ఎనక్కి తీసుకోనేదు. ఆకర్ది ఎక్కీదాకా ఊరుకున్నాను."

నేను ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. ఆవిడ నాకో గిన్నెడు ఊరగాయ ఇచ్చి పంపింది. ఆ ఊరగాయ మా ఇంట్లో అందరూ తిన్నారు, నాకు మాత్రం ముద్ద దిగలేదు.

అప్పట్నుంచి మా మూడు సెలూన్లలో మాట బంద్. గడ్డం మోకాళ్లదాకా వచ్చినవాణ్ణి కూడా "కటింగా?" అని మాత్రమే అడిగేవాళ్లం. బొబ్బిలిలో ఒక ఖాతాదారు, గురువులు మావకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందనుకుని పరామర్శకు పళ్లు తెచ్చాడు.

ఏడాది తిరిగింది. నాయుడుగారు కొండ మీద తల ఇచ్చుకుని వచ్చాడు. బిడ్డ మాత్రం కలగలేదు. నేను ఏమీ అడగలేదు, ఏమీ అనుకోను కూడా లేదు.

ఇంకో ఏడాది గడిచాక ఒక ఆదివారం దుకాణం కిటకిటలాడుతోంది. ఒక్కసారిగా అందరూ సర్దుకుని కూర్చున్నారు. చూస్తే గడపలో పార్వతమ్మగారు. మా సెలూను గడప దగ్గరికి ఆడమనిషి రావడం అదే మొదలు. నా కత్తి గాలిలో ఆగింది.

"సూరీ, మా మరిది నాలుగో ఆడగుంటని పెంచుకుంటన్నాం. పదకొండో నెల. బుధవారం పుట్టెంట్రుకలు. నువ్వే తియ్యాల. మేళం తేవాల. ఊరంతా రావాల. నీకు సెప్పినాను, సాలు కదా?"

చెప్పి, నవ్వి వెళ్లిపోయింది. సాలు కదా అన్న మాట శూలంలా దిగింది. రెండేళ్ల కిందటిది మనసులో పెట్టుకుని పొడుస్తోంది, నా బుద్ధి మారిందో లేదో పరీక్ష పెడుతోంది అనుకున్నాను. వెంటనే కత్తి పట్టుకునే దుకాణం మధ్యలో నిలబడ్డాను.

"ఈ మాట గడప దాటితే మళ్లీ ఈ కుర్సీలో కూకోనివ్వను. ఒట్టెయ్యండి!"

సగం గడ్డాలవాళ్లు, సగం జుట్టువాళ్లు, అందరూ ఒట్టేశారు. ఒట్టు వేయక ఏం చేస్తారు, పని సగంలో ఉంది మరి. మా నాన్నకు చెప్పలేదు. మంగళవారం చిన్నాన్నకూ మావకూ చెప్పలేదు. ఆ రోజంతా వాళ్ల ఎదుట పెదవులు బిగించి కూర్చుంటే దవడలు నొప్పెట్టాయి.

బుధవారం పొద్దున్నే తాత పొది చంకలో పెట్టుకుని, మేళం లేకుండా, పెరటి దారిన ఒక్కణ్ణే వెళ్లాను. నా మర్యాదకు నాకే ముచ్చటేసింది.

పెరట్లో పెద్ద పందిరి వేశారు. గుండిగల్లో అన్నం పొగలు కక్కుతోంది. వరసల్లో విస్తళ్లు వేసి ఉన్నాయి, రెండు వందలకు తక్కువ కాదు. వాటి ముందు మనిషన్నవాడు లేడు. పీట మీద నాయుడుగారు, ఆయన ఒళ్లో పిల్ల, ఓ మూల పోలినాయుడుగారి దంపతులు, మరిదిగారి ఇంటిల్లిపాది. అంతే.

పార్వతమ్మగారు నా వెనక్కి చూసింది. "జనం ఏరిరా?"

"ఏ జనం అమ్మా?"

"మేళం ఏదీ?"

"ఎవులికీ తెల్దమ్మా," అన్నాను గర్వంగా. "ఒక్క పురుగుకి కూడా సెప్పనేదు. దుకాణంలో ఇన్నోళ్ల సేత కూడా ఒట్టేయించినాను."

ఆవిడ నోరు తెరుచుకుంది.

"సెప్పొద్దని నానన్నానేట్రా? నీకు సెప్తే మూడూళ్లకి సెప్పినట్టే కదాని బొట్టెట్టడానికి ఒక్క గడపకెల్లనేదు, ఒక్క కార్డు ముక్క రాయనేదు! లేని కడుపుకి ఊరంతటినీ ఏసుకొచ్చినావు. ఉన్న గుంటకి ఒక్కడిని తేలేకపోనావేట్రా సచ్చినోడా!"

రెండేళ్లుగా ఆవిడకు దొరకని తిట్టు అప్పుడు దొరికింది. తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నేను పొది అక్కడే పడేసి పరుగెత్తాను. సన్నాయి తీసుకుని బజారున పడ్డాను. ఊదుతూ, మధ్యలో ఆపి, "నాయుడుబాబు ఇంట్లో గుంట! నిజంగానే గుంట! కళ్లతో సూసినాను!" అని అరుస్తూ తిరిగాను. ఎవరూ నమ్మలేదు. నన్ను చూసి నవ్వి తలుపులేసుకున్నారు. చివరికి మా నాన్న డోలు కట్టుకుని నా వెనక నడిచాడు. ఆయన అబద్ధమాడడని ఊరికి తెలుసు గనక అప్పుడు జనం కదిలారు. అన్నం చల్లారింది గానీ విస్తళ్లు మిగల్లేదు.

ఆ రోజు ఆ పిల్ల పుట్టువెంట్రుకలు నా చేతులతో తీసి, ఆ తడికత్తి పట్టుకుని తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను. సకల గడ్డాల సాక్షిగా ఇకమీదట ఎవరింటి శుభవార్తా నా అంతట నేను కనిపెట్టను. కనిపెట్టినా చెప్పను. చెప్పమంటే దాచను. పార్వతమ్మగారు పక్కనే నిలబడి అంతా వింది.

"ఆ ఒట్టు కూడా నీలోనే దాసుకోకు," అంది. "ఎల్లి మూడు దుకాణాల్లో సెప్పు."